పిల్లలతో అడవి నడక – మూడో పాఠం: ఆగడం

గత రెండు పాఠాల్లో బూట్లూ బ్యాగూ సర్దుకున్నాం. ఈసారి అడవిలోకి దిగుదాం. మెల్‌బోర్న్‌లో ఉండే మనవాళ్లెవరైనా పిల్లలకు మొదటి వర్షారణ్యం ఎక్కడ చూపించాలని అడిగితే నేను మెయిట్స్ రెస్ట్ పేరే చెబుతాను. అపోలో బే ఊరు దాటాక గ్రేట్ ఓషన్ రోడ్డు మీద పడమరకు 17 కిలోమీటర్లు వెళ్లాలి. కారు దిగగానే దారి మొదలవుతుంది. మొత్తం 800 మీటర్ల చుట్టు, చాలాచోట్ల చెక్క వంతెనే. మెట్లున్నాయి కాబట్టి ప్రామ్ (చంటిపిల్లల తోపుడుబండి) కారులోనే వదిలేసి చంటిదాన్ని చంకనేసుకోండి. వెనకటికి మైట్‌లాండ్ బ్రయాన్ అనే అటవీ ఉద్యోగి గుర్రానికి అలుపు తీర్చడానికి ఇక్కడ ఆగేవాడట. ఆ పేరే స్థిరపడింది.

మేం మొదటిసారి వెళ్లినప్పుడు గుర్రం పాటి బుద్ధి కూడా మాకు లేకపోయింది. సూర్యాస్తమయానికి సముద్రంలోని ట్వెల్వ్ అపాసిల్స్ రాతి స్తంభాల దగ్గరుండాలన్న తొందరలో ఇరవై నిమిషాల్లో చుట్టేశాం. కారెక్కాక మా చిన్నది అడిగింది, "నాన్నా, అడవి ఎప్పుడొస్తుంది?" అని. అందుకే ఈ పాఠంలో లెక్క తిరగేస్తున్నాను. 800 మీటర్లకు గంటన్నర. నాలుగు చోట్ల ఆగాలి.

మొదటి ఆగడం: వెలుతురు మారే చోట. పైన రోడ్డు దగ్గర నిటారుగా కనిపించేవి మౌంటెన్ యాష్ చెట్లు. పేరు చూసి కంగారుపడకండి, మన జామాయిల్ చుట్టాలే. బెరడు పొడుగ్గా పీలికలై వేలాడుతుంది. వీటి విత్తనం బాగా మొలకెత్తాలంటే పెద్ద మంట రావాలి. లోయలోకి దిగేకొద్దీ తడి పెరిగి, మంటకు దారి ఉండదు. అక్కడ రాజ్యం మర్టిల్ బీచ్ అనే చెట్టుది (సముద్రపు బీచ్ కాదు). "ఎక్కడ చీకటి పడింది?" అని పిల్లలనే కనిపెట్టమనండి. ఇది చల్లటి వర్షారణ్యం. వర్షారణ్యమంటే ఉక్కపోతే అనుకుని బనీనుతో దిగిన మావయ్యలు వణకడం నేను కళ్లారా చూశాను.

రెండోది: మర్టిల్ బీచ్ మొదలు దగ్గర. ఆకు వేలిగోరంత, అంచులకు సన్నటి రంపపు పళ్లు. సెప్టెంబరు నుంచి నవంబరు మధ్య వెళ్తే చిగుళ్లు మన మామిడి చిగురులా రాగి రంగులో మెరుస్తాయి. అసలు చూడాల్సింది వేళ్లను. కొన్ని చెట్లు నేల మీద కాక, పడిపోయిన మానుల మీదో, చెట్టు ఫెర్న్‌ల (చెట్టులా పెరిగే ఫెర్న్ మొక్కల) మొద్దుల మీదో మొలుస్తాయి. మన ఊళ్లో తాటిచెట్టు మీద మర్రి మొలవడం గుర్తుందా? అలాగే. కింది మాను కుళ్లి మట్టైపోయాక, పైచెట్టు కాళ్లు చాపుకుని నిలబడినట్టు వేళ్ల మధ్య ఖాళీ మిగులుతుంది. ఆ ఖాళీలో ఒకప్పుడు ఏముండేదో పిల్లల్ని ఊహించనివ్వండి. జవాబు వెంటనే చెప్పేయకండి.

మూడోది: చెట్టు ఫెర్న్ దగ్గర. మొద్దు కొబ్బరి పీచు కట్టినట్టుంటుంది. నడినెత్తిన జిలేబీలా చుట్టుకున్న కొత్త ఆకు దొరికేదాకా కదలొద్దు.

నాలుగోది వాన పడిన రోజుకే. చెక్కల అంచున నిగనిగలాడే నల్ల నత్త కనిపిస్తే అదృష్టమే. ప్రపంచంలో మనం నడుస్తున్న ఈ ఆట్వే ప్రాంతంలో తప్ప మరెక్కడా లేదు, పైగా మాంసాహారి. వానపాముల్నీ సాటి నత్తల్నీ తింటుంది. ముట్టుకోకుండా వంగి చూడాలి. అదే రోజు జలగలూ రావచ్చు, సాక్సులు పైకి లాక్కోండి.

ఇది నేషనల్ పార్కు. ఆకు కూడా తెంపకూడదు, కుక్కను తేకూడదు. బయల్దేరే ముందు దారి తెరిచి ఉందో లేదో పార్క్స్ విక్టోరియా సైటులో చూసుకోండి. పులిహోర అపోలో బే ఒడ్డునే కానిచ్చేసి రండి, లోపల తినడం మొదలుపెడితే పాఠం సాగదు.

మిగతా రోజు ఎక్కడ? ఒక్కటి ఎంచుకోండి, మూడూ కాదు. కేప్ ఆట్వే లైట్‌హౌస్ (1848 నాటిది, టికెట్ ఉంటుంది) గాలి బాగా వీచే చోటు. బీచ్ ఫారెస్ట్ అనే ఊరి వైపు వెళ్తే హోప్‌టన్ జలపాతం. కిందికి చాలా మెట్లు, మోకాళ్ల నొప్పులున్న అమ్మమ్మలు పైనుంచే చూడొచ్చు. దాని దగ్గర్లోనే 1936లో నాటిన కాలిఫోర్నియా రెడ్‌వుడ్ తోపు ఉంది. అందంగానే ఉంటుంది కానీ అది వర్షారణ్యం కాదు, వరసల్లో నాటిన తోట. తేడా పిల్లలు పట్టుకుంటారేమో చూడండి.

అభ్యాసం: ఇంటి దగ్గరి పార్కులో ఒక్క చెట్టు ముందు పది నిమిషాలు ఆగండి. ఒక్కొక్కరు మూడు వస్తువులు కనిపెట్టాలి, ఒకరు చెప్పింది మరొకరు చెప్పకూడదు. ఫోను జేబులోనే.

వచ్చే పాఠం రాత్రి నడక, మెల్బా గల్లీ అనే అడవి లోయలో. అక్కడి గ్లోవర్ములు మన మిణుగురులు కావు. జిగురు దారాలు వేలాడదీసి, వెలుగు చూపించి పురుగుల్ని పట్టే లార్వాలు. టార్చి మీద కట్టడానికి ఎర్ర సెల్లోఫేన్ కాగితం సిద్ధంగా ఉంచుకోండి.