పెద్ద జాతి పిల్లికూనలు: ఎండలు ముదరకముందే తిండి, తూకం జాగ్రత్తలు

మహారాష్ట్రలోని బల్లార్షా, చంద్రపూర్, రాజురా వైపు మే చివర్లో ఎండ 45 డిగ్రీలు దాటడం కొత్తేమీ కాదు. చలికాలంలో పుట్టి సంక్రాంతి తర్వాత ఇంటికొచ్చిన మెయిన్ కూన్, ర్యాగ్‌డాల్ లాంటి పెద్ద జాతి కూనలకు సరిగ్గా ఆ రోజులకే నాలుగు నుంచి ఆరు నెలలు నిండుతాయి. ఎముకలు పొడవు సాగేదీ, పాలపళ్ళు ఊడి గట్టిపళ్ళు వచ్చేదీ అప్పుడే. ఒంటికి తిండి ఎక్కువ కావాల్సిన సమయంలో వేడికి ఆకలి పడిపోతుంది. గిన్నెలో తిండి మిగిలిపోయిందని కంగారుపడి పెరుగన్నం, కాల్షియం సిరప్, చికెన్ లివర్ అంటూ ఒక్కొక్కటే జోడించడంతో అసలు తిప్పలు మొదలవుతాయి. మార్చిలోనే కొన్ని ఏర్పాట్లు చేసుకుంటే ఇవేవీ అవసరం రావు.

ముందు తూకం. ఐదు కిలోల వరకు తూచే వంటింటి డిజిటల్ త్రాసు చాలు. ప్లాస్టిక్ డబ్బా పెట్టి సున్నా చేసి, అందులో కూనను కూర్చోబెట్టండి. వారానికొకసారి, అదే రోజు, ఉదయం తిండికి ముందు తూచి క్యాలెండర్ మీద రాసిపెట్టండి. మామూలు పిల్లికూన మొదటి నాలుగైదు నెలలు నెలకు దాదాపు 450 గ్రాములు పెరుగుతుంది. పెద్ద జాతివి, అందులోనూ మగవి, దీనికంటే కొంచెం ఎక్కువే పెరుగుతాయి. అంటే వారానికి 100 గ్రాములో, ఆ పైనో. వడగాడ్పులు వీచే వారంలో పెరుగుదల 50కి దిగితే భయం లేదు. వరసగా రెండు వారాలు ముల్లు కదలకపోయినా, ఉన్న బరువులో ఇరవయ్యో వంతు తగ్గినా (మూడు కిలోల కూనకు 150 గ్రాములు) డాక్టరుకు చూపించాలి.

మామూలు పిల్లి ఏడాదికల్లా పెరుగుదల ముగించుకుంటుంది. మెయిన్ కూన్‌కు మూడు నుంచి ఐదేళ్ళు పడుతుంది. మొదట కాళ్ళు, తోక సాగుతాయి, కండ తర్వాత పడుతుంది. ఆరు నెలల కూన బక్కగా, కాళ్ళే కాళ్ళుగా కనిపించడం దాని జాతి తీరు. దాన్ని గుండ్రంగా చేయాలని చూడకండి. పక్కటెముకల మీద వేళ్ళు ఆనిస్తే పలుచని పొర కింద ఎముకలు తగలాలి, పై నుంచి చూస్తే నడుము కాస్త లోపలికి ఉండాలి. ఎముకలు కళ్ళకే కనిపిస్తే తక్కువ, వెతికినా తగలకపోతే ఎక్కువ. ఒళ్ళు సన్నగా ఉండి పొట్ట మాత్రం కుండలా ఉంటే అది పుష్టి కాదు, చాలాసార్లు నులిపురుగులు. ఆరు నెలల వరకు నెలనెలా పురుగుల మందు పడాలి, అదీ ఆ రోజు తూకాన్ని బట్టి. ఇంకొక మాట. అమ్మేవాళ్ళు చెప్పే ‘పది కిలోల పిల్లి’ని నమ్మి ఆ లెక్కకు మేపకండి. ఎదిగిన మగ మెయిన్ కూన్ చాలావరకు ఆరు నుంచి ఎనిమిది కిలోలు, ఆడది నాలుగు నుంచి ఐదున్నర. పైగా ఆ పేరుతో అమ్ముడయ్యేవాటిలో పర్షియన్ సంకరాలూ ఉంటాయి.

ఎంత పెట్టాలో ప్యాకెట్ మీది పట్టికలో ఉంటుంది, మొదలు దాంతోనే పెట్టండి. సరిచూసుకోవడానికి ఒక లెక్క: రెండు కిలోల కూనకు రోజుకు దాదాపు 290 కిలోకేలరీలు, మూడు కిలోలదానికి 320 నుంచి 400. కూనల డ్రై ఫుడ్ గ్రాముకు సుమారు నాలుగు కిలోకేలరీలు ఇస్తుంది. తడి తిండి ఉండే 80 గ్రాముల పౌచ్ ఒకటి 70 దాకా ఇస్తుంది. మూడు కిలోల కూనకు 50 గ్రాముల డ్రై ఫుడ్, రెండు పౌచ్‌లు కలిపితే 340 అవుతుంది. ఎండకాలానికి ఈ కలయికే మేలు, ఎందుకంటే ఆ రెండు పౌచ్‌లలోనే 130 మిల్లీలీటర్ల దాకా నీరుంటుంది. మూడు కిలోల కూనకు తిండిలోదీ గిన్నెలోదీ కలిపి రోజుకు కావాల్సింది 150 నుంచి 180. డ్రై ఫుడ్ ఒక్కటే తినే కూనకు పౌచ్ అలవాటు చేయాలంటే మార్చిలోనే మొదలుపెట్టండి. వారం పది రోజుల్లో పావు వంతు, సగం, ముప్పావు అంటూ మార్చాలి. ఒక్కసారిగా మారిస్తే విరేచనాలు, ఆ ఎండలో విరేచనాలంటే నీరు పోవడమే.

కొనేటప్పుడు ప్యాకెట్ మీద కూనలకు సంపూర్ణ ఆహారం అని ఉందో లేదో చూడండి. నాకించే క్రీమ్ ట్యూబులు, చిరుతిండ్లు రోజు మొత్తంలో పదో వంతు మించకూడదు. అవి నాకీ నాకీ అసలు తిండి మానేసే కూనలు చాలా ఉన్నాయి.

ఎండలు ముదిరాక తిండి వేళలు మార్చాలి. ఉదయం ఐదున్నరకు, తొమ్మిదిలోపు ఒకసారి, రాత్రి ఎనిమిదికి, పడుకునేముందు. మధ్యాహ్నం బలవంతం వద్దు. పౌచ్‌లో సగం గిన్నెలో వేసి, అరగంటలో తినకపోతే తీసేయండి. మిగతా సగం ఫ్రిజ్‌లో పెట్టినదైతే కొంచెం గోరువెచ్చని నీళ్ళు కలిపి ఇవ్వండి, వాసన లేచి ఆకలి పుడుతుంది. కరెంటు పోయి నాలుగైదు గంటలు ఫ్రిజ్ ఆగితే ఆ సగం పారేయడమే. డ్రై ఫుడ్‌ను దాని సంచీతో సహా మూత బిగుతుగా ఉండే డబ్బాలో, వంటగట్టుకు దూరంగా పెట్టండి. వేడికి అందులోని కొవ్వు ముక్కిపోయిన వాసన పట్టి కూన మొహం తిప్పుకుంటుంది. నెల రోజుల్లో అయిపోయే సంచీనే కొనండి. దుకాణంలో విడిగా తూచి ఇచ్చేది చవకైనా ఎప్పుడు తెరిచారో తెలియదు, వద్దు. నీళ్ళు రెండు మూడు చోట్ల, వెడల్పాటి మట్టి మూకుళ్ళలో పెట్టండి. కూలర్ తొట్టిలో నీళ్ళు తాగనివ్వకండి.

వంటింటి తిండి విషయంలో పొరపాట్లు ఎక్కువ. వరణ్ భాత్ (పప్పన్నం), పెరుగన్నం పెడితే కడుపు నిండుతుంది, మాంసకృత్తులు అందవు. కూనల తిండిలో తడి తీసేసి లెక్కేస్తే కనీసం 30 శాతం మాంసకృత్తులుండాలి. ఆవుపాలు చాలా కూనలకు పడవు. ఉల్లి, వెల్లుల్లి వేసిన కూరలో ముక్క కడిగి పెట్టినా ప్రమాదమే, రసం లోపలికి దిగుతుంది, అది ఎర్ర రక్తకణాలను చితకగొడుతుంది. పచ్చి చేప అదేపనిగా పెడితే బి1 విటమిన్ పోతుంది, తల వాలిపోవడం, తూలడం, ఫిట్స్ దాకా వెళ్తుంది. లివర్ రోజూ పెడితే ఎ విటమిన్ పేరుకుని మెడ ఎముకలు బిగుసుకుంటాయి. కుక్కల తిండిలో పిల్లికి కావాల్సినంత టారిన్ అనే పోషకం ఉండదు. టారిన్ లోపిస్తే గుండె కండరం సాగి బలహీనపడుతుందని 1987లోనే తేలింది.

అన్నిటికంటే మోసం చేసేది ఉడికించిన ఉత్త చికెన్. చూడ్డానికి మంచి తిండే. కానీ ఎముక లేని మాంసంలో ఒక పాలు కాల్షియానికి పదిహేను, ఇరవై పాళ్ళు భాస్వరం ఉంటుంది. ఆ తేడా పూడ్చడానికి ఒళ్ళు ఎముకల్లోంచి కాల్షియం లాగుతుంది. కొన్ని వారాల్లోనే కూన కుంటడం, ఎత్తుకుంటే అరవడం, సోఫా మీంచి దూకితే కాలు విరగడం చూస్తారు. వేగంగా పెరిగే పెద్ద జాతికి ఈ దెబ్బ ఇంకా గట్టిగా తగులుతుంది. ఆకలి పుట్టించడానికి ఒక చెంచా చికెన్ తురుము పైన చల్లితే చాలు, దాన్నే పూటభోజనంగా పెట్టకండి. అలాగని సంపూర్ణ ఆహారం తినే కూనకు కాల్షియం సిరప్ కూడా పోయకండి, అందులో సరిపడా ఉంది.

పిల్లలు పుట్టకుండా చేసే ఆపరేషన్ అయ్యాక లెక్క తిరగబడుతుంది. కావాల్సిన శక్తి నాలుగో వంతు దాకా తగ్గుతుంది, ఆకలి మాత్రం పెరుగుతుంది. రెండు వారాల తర్వాత నుంచి తూకం చూస్తూ పాళ్ళు తగ్గించండి, కానీ కూనల తిండే కొనసాగించండి. ఆపరేషన్ అయిన మగ కూనల ఎముక చివర్లు ఆలస్యంగా గట్టిపడతాయి. వాటికి బరువు ఎక్కువైతే తుంటి దగ్గర ఎముక తల జారే ముప్పుంది. వెనక కాలు కుంటితే ఎక్స్‌రే తీయించండి.

24 గంటలు ఏమీ తినకపోయినా, నోరు తెరిచి వగర్చినా రేపటికి వాయిదా వేయకండి. ఆడుకున్నాక ఒక్క నిమిషం వగర్చి ఆగితే వేరు, కూర్చుని వగరుస్తుంటే వడదెబ్బో, గుండె జబ్బో. మెయిన్ కూన్‌లలో గుండె గోడ మందమయ్యే జబ్బు వంశపారంపర్యంగా వస్తుంది. పాదాలు, చెవులు మామూలు నీళ్ళతో తడిపి, ఫ్యాన్ గాలి తగిలేలా పెట్టి బయల్దేరండి, ఐసు ముక్కలు రుద్దకండి. చంద్రపూర్ వాళ్ళకు పెద్ద పరీక్షలకు నాగ్‌పూర్ పశువైద్య కళాశాల ఉంది, సిరోంచ వాళ్ళకు ప్రాణహిత వంతెన దాటితే మంచిర్యాల దగ్గర. మామూలు టీకాలకైతే తెల్లవారుజామునే బయల్దేరి ఎనిమిదికల్లా చేరుకోండి, బుట్టలో తడిగుడ్డ చుట్టిన చల్లనీళ్ళ సీసా ఒకటి పెట్టండి.

మృగశిర వచ్చి నాలుగు చినుకులు పడగానే ఆకలి తిరిగొస్తుంది. ఎండల్లో తగ్గిందంతా ఒకేసారి పూడ్చాలని గిన్నె నింపకండి. మూడు నాలుగు రోజులకోసారి పదో వంతు పెంచుతూ, పాత తూకం గీత అందుకున్నాక ఆపండి. తేమకు డ్రై ఫుడ్ మెత్తబడితే ఎండబెట్టి వాడొద్దు, బూజు కంటికి కనపడకముందే విషం తయారవుతుంది.