ల్యాప్‌టాప్ అప్పజెప్పే ముందు బ్రౌజర్‌లో పాస్‌వర్డ్‌లు ఇలా తీసేయండి

బెంగళూరులో కంపెనీ మారడం మనవాళ్లకి మామూలే. లాస్ట్ వర్కింగ్ డే రోజు ఐటీ వాళ్లకి ల్యాప్‌టాప్, ఛార్జర్, ఐడీ కార్డు ఇచ్చి సంతకం పెట్టేస్తాం. రిలీవింగ్ లెటర్ ఎప్పుడొస్తుందా అన్న ధ్యాసే తప్ప, ఆ క్రోమ్‌లో మన బ్యాంకు, ఐఆర్‌సీటీసీ, పీఎఫ్, ఇన్‌కమ్ ట్యాక్స్, బెస్కామ్ (కరెంటు బిల్లు) పాస్‌వర్డ్‌లన్నీ వరసగా కూర్చుని ఉన్నాయన్న సంగతి గుర్తుకు రాదు. ఎస్పీ రోడ్ ఎలక్ట్రానిక్స్ మార్కెట్‌లో పాత సిస్టమ్ అమ్మేటప్పుడూ ఇదే కథ.

చూడాలంటే విండోస్ పిన్ అడుగుతుంది కదా అంటారు చాలామంది. అడుగుతుంది, నిజమే. కానీ ల్యాప్‌టాప్‌తో పాటు ఆ పిన్ కూడా చీటీ మీద రాసిచ్చేది మనమే! పైగా పాస్‌వర్డ్ కంటికి కనిపించక్కర్లేదు, సైట్ తెరిస్తే బ్రౌజరే నింపేస్తుంది, లాగిన్ నొక్కితే చాలు.

అలాగని హడావుడిగా డిలీట్ కొట్టకండి. సింక్ (పాస్‌వర్డ్‌లని గూగుల్ అకౌంట్‌తో, మీ ఫోన్‌తో కలిపి ఒకేలా ఉంచే సెట్టింగ్) ఆన్‌లో ఉండగా ఇక్కడ తీసేస్తే గూగుల్ అకౌంట్‌లోంచి కూడా పోతాయి, మీ ఫోన్‌లో కూడా ఉండవు, మొదటికే మోసం. అందుకే ముందు ఫోన్‌లో పాస్‌వర్డ్స్ డాట్ గూగుల్ డాట్ కామ్ తెరిచి ముఖ్యమైనవన్నీ అక్కడ ఉన్నాయో లేదో చూసుకోండి. లేనివి ఉంటే అవి ఆ ల్యాప్‌టాప్‌లోనే సేవ్ అయ్యాయన్నమాట, లేదా ఆఫీసు మెయిల్ ఐడీతో ఉన్న అకౌంట్‌లో పడ్డాయి. ఆ ఐడీ మూసేశాక అవి మళ్లీ దొరకవు. అలాంటి సైట్లలోకి ఫోన్ నుంచి ఒకసారి లాగిన్ అయి మీ సొంత అకౌంట్‌లో సేవ్ చేసుకోండి. అన్నిటినీ సీఎస్‌వీ ఫైల్‌గా (ఎక్సెల్‌లో తెరుచుకునే మామూలు పట్టికగా) ఎక్స్‌పోర్ట్ చేసుకోవచ్చు గానీ, అందులో పాస్‌వర్డ్‌లు ఏ తాళం లేకుండా మామూలు అక్షరాల్లో ఉంటాయి కాబట్టి ఆఫీసు ల్యాప్‌టాప్‌లో ఆ పని వద్దనే అంటాను. సొంత కంప్యూటర్‌లో చేస్తే మాత్రం డౌన్‌లోడ్స్ ఫోల్డర్‌లోంచీ రీసైకిల్ బిన్‌లోంచీ కూడా ఆ ఫైల్ తీసేయాలి.

ఇప్పుడు సింక్ ఆపి, క్రోమ్‌లోంచి సైన్ అవుట్ అవ్వండి. ఈ కంప్యూటర్‌లో ఉన్న డేటా కూడా తీసేయాలా అని అడిగితే సరే అనండి. తర్వాత సెట్టింగ్స్‌లో పాస్‌వర్డ్ మేనేజర్ మళ్లీ తెరిచి చూడండి, ఇంకా ఏమైనా కనిపిస్తే అవి ఆ మెషీన్‌లోనే ఉన్నవి, ఇక భయం లేకుండా తీసేయొచ్చు. ఒక్కొక్కటీ తీస్తూ కూర్చోవడం కన్నా ప్రొఫైల్ మొత్తం తీసేయడమే నాకు నచ్చిన పద్ధతి. పైన కుడివైపు మీ ఫొటో నొక్కి, ప్రొఫైల్స్ మేనేజ్ చేసే చోటికి వెళ్లి, మీ పేరు దగ్గరున్న మూడు చుక్కల్లో డిలీట్ నొక్కితే పాస్‌వర్డ్‌లు, హిస్టరీ, కుకీలు (మన లాగిన్‌ని గుర్తుపెట్టుకునే చిన్న ఫైళ్లు), సేవ్ చేసిన అడ్రస్‌లు అన్నీ ఒకేసారి పోతాయి. ఆఫీసు సెట్టింగుల వల్ల అది కుదరకపోతే ఐటీ వాళ్లనే అడగండి, మీ అంతట మీరు ఫార్మాట్ చేయకండి.

ఫైర్‌ఫాక్స్‌లో కూడా ముందు సింక్ డిస్‌కనెక్ట్ చేశాకే, పాస్‌వర్డ్‌ల పేజీలో మూడు చుక్కలు నొక్కి అన్నిటినీ తీసేయండి. విండోస్‌తో పాటే వచ్చే ఎడ్జ్ బ్రౌజర్‌ని ఎవరూ పట్టించుకోరు గానీ, మొదట్లో క్రోమ్ నుంచి డేటా తెచ్చుకోమంటే సరే అని ఉంటారు, అందుకే అదీ తెరిచి చూడండి.

పాస్‌వర్డ్ పోయినంత మాత్రాన లాగిన్ పోదు. ప్రొఫైల్ తీయకుండా పాస్‌వర్డ్‌లు మాత్రమే తీసేస్తే కుకీల వల్ల జీమెయిల్ తెరిచినట్టే ఉంటుంది, కాబట్టి కంట్రోల్, షిఫ్ట్, డిలీట్ కలిపి నొక్కి, ఆల్ టైమ్ పెట్టి కుకీలు కూడా తుడిచేయండి. వాట్సాప్ వెబ్‌ని ఫోన్‌లో లింక్డ్ డివైసెస్‌లోకి వెళ్లి లాగ్ అవుట్ చేయాలి.

సొంత కంప్యూటర్ అమ్ముతుంటే ఇంత శ్రమ అక్కర్లేదు, విండోస్ రీసెట్‌లో రిమూవ్ ఎవ్రీథింగ్ ఎంచుకుని, క్లీన్ డేటా కూడా ఆన్ చేయండి. దానికి గంటలు పట్టొచ్చు, ఛార్జర్ పెట్టే ఉంచండి.

ఇప్పటికే ఇచ్చేశారా? టెన్షన్ పడకుండా ఫోన్‌లో గూగుల్ అకౌంట్ సెక్యూరిటీలోకి వెళ్లి, డివైస్‌ల జాబితాలో ఆ ల్యాప్‌టాప్‌ని వెతికి సైన్ అవుట్ చేయండి. అందులో సేవ్ అయినవి మాత్రం దూరం నుంచి తీయలేం కాబట్టి పాస్‌వర్డ్‌లు మార్చాల్సిందే. ముందు మెయిల్‌ది మార్చండి, ఎందుకంటే మిగతా సైట్లన్నిటి రీసెట్ లింకులూ దానికే వస్తాయి. ఆ తర్వాత బ్యాంకు, పీఎఫ్.