ఆపిల్ టూ డిస్క్ చదువుదాం, 4వ పాఠం: సెక్టార్ హెడర్

పోయిన పాఠంలో ఆపిల్ టూ అనే పాత కంప్యూటర్ డిస్క్‌లోని ఒక ట్రాక్‌ని (డిస్క్ మీది ఒక వలయం) హెక్స్ ఎడిటర్‌లో, అంటే బైట్లని హెక్స్ అంకెలుగా చూపే ప్రోగ్రామ్‌లో తెరిచాం. ఈసారి ఆ బైట్ల వరసలో సెక్టార్ (ట్రాక్‌లో ఒక ముక్క) ఎక్కడ మొదలవుతుందో పట్టుకుందాం. కాపీ ప్రొటెక్షన్ కిటుకులు చాలావరకు ఇక్కడే మొదలయ్యాయి, కాబట్టి తొందరపడకండి.

డాస్ 3.3 (ఆపిల్ టూ డిస్క్ ఆపరేటింగ్ సిస్టమ్) డిస్క్‌కి నిబ్ ఫార్మాట్ ఇమేజ్, అంటే డిస్క్ మీది బైట్లని హెడర్లతో సహా దింపిన ఫైల్ తీసుకోండి. డీఎస్‌కే ఇమేజ్ పనికిరాదు, అందులో డేటా తప్ప హెడర్లు (ప్రతి సెక్టార్ ముందూ ఉండే గుర్తింపు బైట్లు) ఉండవు. 17వ ట్రాక్‌లో డీ5 ఏఏ 96 కోసం వెతికితే 16 చోట్ల తగలాలి. ఒకటి తగ్గితే అది ట్రాక్ చివరా మొదలూ మధ్య తెగి ఉంటుంది. 0వ సెక్టార్ ఇలా కనిపిస్తుంది:

డీ5 ఏఏ 96 – ఎఫ్ఎఫ్ ఎఫ్ఈ – ఏఏ బీబీ – ఏఏ ఏఏ – ఎఫ్ఎఫ్ ఈఎఫ్ – డీఈ ఏఏ ఈబీ

మొదటి మూడు బైట్లు గుర్తు. తర్వాత జంటలుగా వాల్యూమ్ (డిస్క్‌కి ఇచ్చిన సంఖ్య), ట్రాక్, సెక్టార్, చెక్‌సమ్ (మిగతావి సరిగ్గా చదివామో లేదో సరిచూసే సంఖ్య). చివరి మూడూ ముగింపు.

ట్రాక్ జంట విప్పుదాం. ఏఏ అంటే 10101010. దాన్ని ఒక బిట్ ఎడమకి జరిపి, ఖాళీ అయిన చోట 1 పెడితే 01010101. బీబీ అంటే 10111011. రెండింటిలోనూ 1 ఉన్న చోట్ల మాత్రమే 1 ఉంచండి: 00010001, అంటే 17. ఒక్క సంఖ్యకి రెండు బైట్లు దండగ అనిపిస్తుంది కానీ, సున్నాలు వరసగా ఎక్కువైతే డ్రైవ్ లెక్క తప్పుతుంది. ఈ పద్ధతిలో ప్రతి బైట్‌లోనూ బిట్టు విడిచి బిట్టు 1 ఉండి తీరుతుంది. డీ5 అంటే 11010101, అది ఈ జంటల్లో రానే రాదు. డేటా భాగంలోనూ దాన్ని వాడరు. అందుకే అది గుర్తుగా పనికొచ్చింది.

ఇప్పుడు అసలు సంగతి. ఆపిల్ సహ వ్యవస్థాపకుడు స్టీవ్ వోజ్నియాక్ 1978 నాటి డిస్క్ టూ డ్రైవ్‌లో సర్క్యూట్ చాలా తగ్గించి, పని సాఫ్ట్‌వేర్‌కి వదిలారు. ఆయన పనితనానికి నాకు ఎప్పుడూ ముచ్చటేస్తుంది. గుర్తేమిటో చూసేది సాఫ్ట్‌వేరే కాబట్టి, ప్రచురణకర్త తన డిస్క్‌లో 96 బదులు ఇంకో బైట్ రాసి, దాన్నే వెతికే కోడ్ జతచేస్తే చాలు. డాస్‌తో వచ్చే కాపీ ప్రోగ్రామ్ ఎర్రర్ చూపించి ఆగిపోతుంది.

కానీ ఒక్క చోట మార్చడం కుదరదు. డ్రైవ్‌ని నడిపే కంట్రోలర్ కార్డు మీది రోమ్‌కి (మార్చలేని ప్రోగ్రామ్ ఉండే చిప్) తెలిసింది డీ5 ఏఏ 96 ఒక్కటే. కంప్యూటర్ ఆన్ చేయగానే అది 0వ ట్రాక్, 0వ సెక్టార్ చదివి మెమరీలో హెక్స్ 800 దగ్గర పెట్టి, 801కి దూకుతుంది. ఎంత గట్టి ప్రొటెక్షన్ ఉన్నా ఆ సెక్టార్ మామూలుగానే ఉండాలి. మనం చదవడం మొదలుపెట్టేది అక్కడినుంచే.

ఇదే రోమ్ తాళం లేని డిస్కులనీ ఆపేసింది. పాత 13 సెక్టార్ల డిస్కుల గుర్తు డీ5 ఏఏ బీ5. 1980లో డాస్ 3.3తో 16 సెక్టార్ల రోమ్ వచ్చాక అవి నేరుగా బూట్ కాలేదు. వాటికోసం ఆపిల్ బూట్13 అనే ప్రోగ్రామ్ ఇచ్చింది. కాబట్టి బూట్ కాని డిస్క్ చేతికొస్తే ప్రొటెక్షన్ అనుకునే ముందు బీ5 ఉందేమో చూడండి.

అభ్యాసం: పై వరసలో వాల్యూమ్, సెక్టార్, చెక్‌సమ్ జంటలు విప్పండి. మొదటి మూడు సంఖ్యల్ని ఎక్స్‌ఓఆర్ (రెండు బిట్లు వేరైతే 1, ఒకటే అయితే 0) చేస్తే నాలుగోది రావాలి. 5వ పాఠంలో డేటా భాగం, అంటే డీ5 ఏఏ ఏడీ.