రొమ్ము, అండాశయ క్యాన్సర్ ముప్పు: డాక్టర్‌ను కలిసేముందు కుటుంబ చరిత్ర ఎలా రాసుకోవాలి?

పెద్ద తెల్లకాగితం, పెన్సిల్, రబ్బరు ఉంటే చాలు. పెన్ను వద్దు. మొదటిసారి చెప్పిన వయసు రెండోసారి అడిగితే మారిపోతుంది. ఫోన్‌లో రాసుకుంటానంటే నేను ఒప్పుకోను, మూడు తరాలూ ఒక్క చూపులో కనపడాలి.

మగవాళ్లకు చతురస్రం, ఆడవాళ్లకు సున్నా, చనిపోయినవాళ్ల గుర్తు మీద ఏటవాలు గీత. పైన తాతలు, నానమ్మ, అమ్మమ్మ. మధ్యలో అమ్మానాన్నలు, వాళ్ల తోబుట్టువులు. కింద మీ వరస. జబ్బు రానివాళ్లనూ గీయండి. ఆరుగురు అక్కచెల్లెళ్లలో ఇద్దరికి రావడం వేరు, ఉన్న ఇద్దరికీ రావడం వేరు.

"అత్తకు వచ్చింది" అని రాయకండి. మేనత్తా, మేనమామ భార్యా? మేనమామ భార్యయితే ఆమె రక్తసంబంధీకురాలు కాదు, మీ లెక్కలోకి రాదు. పిన్ని, పెద్దమ్మ దగ్గరా ఇదే తిరకాసు.

నాన్న వైపు ఖాళీగా వదిలేసి తెస్తే నాకు ఒళ్లు మండుతుంది. రొమ్ము, అండాశయ క్యాన్సర్ ముప్పు పెంచే బీఆర్‌సీఏ1, బీఆర్‌సీఏ2 జన్యువుల లోపం అమ్మకున్నా నాన్నకున్నా, ఒక్కో బిడ్డకు వచ్చే అవకాశం 50 శాతం. నానమ్మ నుంచి వచ్చిన లోపాన్ని, తను నిక్షేపంగా ఉంటూనే నాన్న కూతురికి ఇవ్వగలడు. అందుకే మగవాళ్ల ప్రొస్టేట్, పాంక్రియాస్ (క్లోమం), రొమ్ము క్యాన్సర్లు కూడా రాయాలి.

ఇక అందరూ బోల్తాపడేది ఇక్కడే: ఏ అవయవంలో మొదలైంది, ఏ వయసులో బయటపడింది?

"కడుపులో గడ్డ" అంటే జీర్ణాశయం కావచ్చు, గర్భసంచి కావచ్చు, అండాశయం కావచ్చు. "లివర్ క్యాన్సర్" అన్నది రొమ్ము నుంచి పాకినదీ కావచ్చు. ఒకావిడ అమ్మమ్మకు "కడుపు క్యాన్సర్" అని రాసుకొచ్చింది. పాత పెట్టెలో మడతల దగ్గర చిరిగిపోయిన డిశ్చార్జి కాగితం దొరికింది. అందులో ఉన్నది అండాశయం! లెక్కంతా మారిపోయింది. కాబట్టి ఆపరేషన్‌లో ఏం తీశారో, పొట్టలో నీళ్లు చేరాయో అడగండి. విన్నది విన్నట్టే రాయండి, రోగం పేరు మీరు తేల్చకండి. కాగితం దొరికితే జిరాక్స్ తీయించండి.

చనిపోయిన వయసు కాదు, బయటపడిన వయసు కావాలి. 50 ఏళ్లలోపు వచ్చిన రొమ్ము క్యాన్సర్‌కు బరువెక్కువ. అండాశయ క్యాన్సర్ ఏ వయసులో వచ్చినా ముఖ్యమే. "ఏ సంవత్సరం?" అంటే ఎవరూ చెప్పలేరు. "ఎవరి పెళ్లికి ముందు?" అనండి, చెప్తారు. దుఃఖం కదిలితే ఆపేసి మరోరోజు అడగండి.

చార్టు చూసి టెన్షన్ పడొద్దు. రొమ్ము క్యాన్సర్లలో వంశపారంపర్యంగా వచ్చేవి సుమారు 5 నుంచి 10 శాతమే. జన్యు పరీక్ష అవసరమైతే వీలున్నంతవరకు క్యాన్సర్ వచ్చిన మనిషికే ముందు చేయించాలి. ఆమెలో ఏ లోపముందో తెలియకుండా మీకు నెగటివ్ వచ్చినా ముప్పు లేదని చెప్పలేం.