సగం ఆటకి పైచేయి ఎవరిది: చింతపిక్కలతో కబడ్డీ అంచనా

సంక్రాంతి టోర్నమెంట్లకి ఆమదాలవలస, రాజాం, చీపురుపల్లి వైపు కబడ్డీ చూడ్డానికి వెళ్లేవాళ్లు ముందుగా ఒకటి తెలుసుకోవాలి. సగం ఆటకి ఏ జట్టు ముందుంటుందో అంచనా వేసే ఈ సరదాలో రూపాయి కూడా పెట్టకూడదు. డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటల్ని 2025 చట్టం దేశమంతటా నిషేధించింది. మన ఆంధ్రప్రదేశ్ 2020లోనే గేమింగ్ చట్టాన్ని సవరించి వాటికి అడ్డుకట్ట వేసింది. మైదానం పక్కన వేసే పందెమూ నేరమే. అందుకే చింతపిక్కలు. వాటిని టీకీ టిఫినుకీ మార్చుకోవద్దు, మార్చారంటే అదీ పందెమే.

నలుగురు చాలు. తలా 100 పిక్కలు తీసుకోండి. అ జట్టు, ఇ జట్టు, సమం అని మూడు గిన్నెలు పెట్టండి. ఆట మొదలవకముందే ఎవరి పిక్కలు వాళ్లు మూడింటికీ పంచి, లెక్క పుస్తకంలో రాయాలి. 55, 30, 15 అని పంచితే సగం ఆటకి అ జట్టు ముందుండే అవకాశం నూటికి 55 అని మీ మాట. నలుగురి సగటే ఆ పూట ధర, అంటే అందరి ఉమ్మడి అంచనా.

అందరూ తప్పేది ఎక్కడంటే, మ్యాచ్ గెలిచే జట్టునే సగం ఆటకీ ముందు పెట్టేస్తారు. సగం అంటే 20 నిమిషాలే. కూతకి 30 సెకన్లు వేసుకుంటే రెండు జట్లకీ కలిపి 40 కూతలు. ఇంత చిన్న ఆటలో బలమైన జట్టు వెనకబడటం మామూలే. కాబట్టి మ్యాచ్ గెలుపుకి 70 అనుకుంటే సగానికి 60 దగ్గర ఆగండి. సమం గిన్నెని ఖాళీగా వదలొద్దు. ఆడవాళ్ల, చిన్నపిల్లల పోటీల్లో సగం 15 నిమిషాలే ఉండొచ్చు, నిర్వాహకుల్ని అడగండి.

ఆట నడుస్తుండగా ధర మార్చాలంటే బోర్డు మీది పాయింట్లకంటే కోర్టులో ఎంతమంది మిగిలారో చూడాలి. 16వ నిమిషం, అ జట్టు 12, ఇ జట్టు 10 అనుకోండి. అ జట్టులో ఇద్దరే మిగిలారు, ఇ జట్టులో ఆరుగురున్నారు. బోర్డు చూసినవాడు అ జట్టుకి 65 పెడతాడు. కానీ ఆ ఇద్దరూ పడితే 2 పాయింట్లు, జట్టంతా అవుటయ్యే ఆలౌట్‌కి మరో 2, మొత్తం 14 అయి ఇ జట్టు ముందుకొస్తుంది. మిగిలిన కూతలు దాదాపు ఎనిమిదే. ఇ జట్టుకి 50 పైన పెట్టడమే సబబు. ఇంకా పైకి ఎందుకు పోకూడదంటే, కోర్టులో ముగ్గురో అంతకంటే తక్కువమందో ఉన్నప్పుడు కూతగాణ్ణి పట్టేస్తే సూపర్ టాకిల్, 2 పాయింట్లు. అ జట్టు కూతగాడి ఎదుట ఆరుగురున్నారు కాబట్టి అతనికి దాటితే 1 పాయింటిచ్చే బోనస్ గీత కూడా అందుబాటులో ఉంది. అయితే బోనస్‌కి అవుటై బయట కూర్చున్నవాడు లోపలికి రాడు, ఆలౌట్ గండం అలాగే ఉంటుంది.

చివరి నిమిషంలో ముందున్న జట్టు 30 సెకన్లూ కూతలో కరగదీస్తుంది. అప్పుడు పాయింటు రాని వరస ఖాళీ కూతలెన్నో లెక్కపెట్టండి. డూ-ఆర్-డై నిబంధన పెట్టిన పోటీల్లో మూడోది ఖాళీగా తిరిగొస్తే కూతగాడు అవుట్.

ఇంటర్వెల్‌లో లెక్క తేల్చాలి. నిజమైన గిన్నెని 1, మిగతావి 0 అనుకుని, ఒక్కోదానికీ మీ అంచనాతో (55 అంటే 0.55) తేడాని వర్గం చేసి కూడండి. 55, 30, 15 పెట్టాక అ జట్టే ముందుంటే 0.2025, 0.09, 0.0225 కలిపి 0.315. ఎంత తక్కువైతే అంత మంచిది. మూడింటికీ సమానంగా పంచితే ఎప్పుడూ 0.667 వస్తుంది, దానికంటే ఎక్కువ వస్తే మీ అంచనా పనికిరాలేదన్నమాట. ఒక్క మ్యాచ్‌తో ఎవరి నేర్పూ తేలదు. కనీసం 30 మ్యాచ్‌లు రాశాక, 60 దగ్గర పెట్టినవి పదింట ఆరు నిజమయ్యాయా అని చూసుకోండి. నాలుగే అయితే మీరు గట్టిగా నమ్మిన జట్టుకే ఎక్కువ పిక్కలు పోస్తున్నారు, చేయి తగ్గించండి.

గొడవలు వచ్చేది ఆఖరి కూత దగ్గరే. టైం అయిపోయినా, అంతకుముందు మొదలైన కూతని పూర్తి చేయనిస్తారు, ఆ పాయింటు మొదటి సగానికే చెందుతుంది. రిఫరీ విజిల్ వేసి స్కోరు బోర్డు మారేదాకా గిన్నెలు కదపకండి.