నాజిల్ లోడ్ చెక్ ఫెయిలైందా? ప్యాడ్ మందం పెంచే ముందు ఇవి చూడండి

నాజిల్ అంటే వెసెల్ (ప్రెజర్ నిలిపే పాత్ర) గోడకి పైపు కలిసే మెడ, ప్యాడ్ అంటే దాని చుట్టూ గోడకి బలం కోసం వెల్డ్ చేసే ప్లేటు. పైపు ఆ మెడ మీద వేసే లోడ్లు పైపింగ్ వాళ్లు పంపారు, సాఫ్ట్‌వేర్‌లో వేశాం, ఎర్ర అక్షరాల్లో ఫెయిల్ అని పడింది. వెంటనే మనలో చాలామంది చెయ్యి ప్యాడ్ మందం గడి మీదికి వెళ్తుంది. పదహారు అంటే పాస్ కాలేదా, ఇరవై వేద్దాం. చాలాసార్లు తప్పు ప్లేటులో ఉండదు. ఇచ్చిన లోడ్‌లోనో, పోల్చిన లిమిట్‌లోనో ఉంటుంది.

లెక్కల కోసం ఒక వెసెల్ అనుకుందాం. ఎస్‌ఏ-516 గ్రేడ్ 70 ప్లేటు, లోపలి వ్యాసం 1500 మి.మీ., షెల్ (గోడ) మందం 12, కరోజన్ అలవెన్స్ (తుప్పుకి పోతుందని వదిలే మందం) 3, లోపల ప్రెజర్ 1 ఎంపీఏ, పక్కన 8 అంగుళాల నాజిల్, దానికి 12 మి.మీ. ప్యాడ్.

లక్షణం: స్ట్రెస్ 250 వచ్చింది, లిమిట్ 207 అంటోంది

ముందు ఆ 250 ఏ వరుసలోదో చూడండి. ప్రెజర్ వెసెల్ కోడ్ అయిన ఏఎస్‌ఎంఈ సెక్షన్ 8 డివిజన్ 1లో యూజీ-22 క్లాజు బయటి లోడ్లను లెక్కలోకి తీసుకోమంటుందే తప్ప ఎలా లెక్కించాలో చెప్పదు. అందుకే పద్ధతికి డబ్ల్యూఆర్‌సీ బులెటిన్ 107 లేదా 537 (నాజిల్ దగ్గర షెల్ స్ట్రెస్ లెక్కించే కర్వ్‌లు), లిమిట్లకు డివిజన్ 2 వర్గీకరణ వాడతాం. ఈ ప్లేటుకి డివిజన్ 1 అలవబుల్ స్ట్రెస్, అంటే ఎస్, 138 ఎంపీఏ. తన్యతా బలం 485ని 3.5తో భాగిస్తే వచ్చేది అదే.

లోకల్ మెంబ్రేన్‌కి (నాజిల్ దగ్గర గోడ మందమంతటా సమానంగా ఉండే స్ట్రెస్) 1.5 ఎస్, అంటే 207. మెంబ్రేన్, బెండింగ్ (గోడ వంగడం వల్ల వచ్చేది) కలిపిన మొత్తానికి 3 ఎస్, అంటే 414. నాజిల్ పక్కన షెల్‌లో పుట్టే బెండింగ్‌ని డివిజన్ 2 పట్టిక సెకండరీగా, అంటే గోడ కాస్త లొంగగానే తగ్గిపోయే స్ట్రెస్‌గా, చూస్తుంది కాబట్టి అది ఈ రెండో లిమిట్ కిందికి వస్తుంది. మన 250 మొత్తం స్ట్రెస్ అయితే హాయిగా పాస్. మెంబ్రేన్ ఒక్కటే 250 అయితే నిజంగానే ఫెయిల్, దాన్ని 414 వరుసలోకి జరిపి కాపాడలేం.

రెండు జాగ్రత్తలు. డివిజన్ 1 వెసెల్‌కి డివిజన్ 2లోని పెద్ద ఎస్ వాడకూడదు. అక్కడ క్లాస్ 2 వెసెల్‌కి తన్యతా బలం మీద భాగహారం 2.4. ఇక వేడి వల్ల వచ్చే పైపు లోడ్లన్నిటినీ సెకండరీలోకి నెట్టేసే అలవాటు నాకు నచ్చదు. పొడవాటి పైపు స్ప్రింగ్ లాంటిది, షెల్ కాస్త లొంగినా అది నెడుతూనే ఉంటుంది. అలాంటి చోట మెంబ్రేన్ భాగాన్ని 1.5 ఎస్ లోపలే ఉంచుతాను.

లక్షణం: లోడ్లు మామూలుగానే ఉన్నాయి, స్ట్రెస్ మాత్రం నమ్మలేనంత ఉంది

యాక్సిస్ చూడండి. సీజర్ (పైపింగ్ స్ట్రెస్ సాఫ్ట్‌వేర్) మోడల్‌లో మామూలుగా వై నిలువు. వెసెల్ డ్రాయింగ్‌లో చాలామందికి జెడ్ నిలువు. ఒకసారి ఒక టవర్ నాజిల్‌కి రెండు రోజులు ప్యాడ్ మార్చి మార్చి చూశాం. చివరికి తేలిందేమిటంటే పైపు బరువు కిందికి కాకుండా షెల్‌లోకి రేడియల్‌గా గుచ్చుతున్నట్టు ఎంట్రీ పడింది! అప్పటి నుంచి కాగితం మీద నాజిల్ బొమ్మ గీసి, బాణాలు వేసి, బరువు బాణం నేల వైపు ఉందో లేదో చూశాకే మీట నొక్కుతాను. ప్లస్, మైనస్ గుర్తులు కూడా అంతే. రిస్ట్రెయింట్ రిపోర్ట్ నుంచి తీసుకున్నవీ, ఎలిమెంట్ ఫోర్స్ రిపోర్ట్ నుంచి తీసుకున్నవీ ఒకదానికొకటి తిరగబడి ఉండొచ్చు. రేడియల్ లోడ్ లోపలికి నెడితే పాజిటివ్ అనేది డబ్ల్యూఆర్‌సీ 107 పద్ధతి.

లక్షణం: ఫెయిల్ నిజమే, కానీ ఏ లోడ్ వల్లో తెలియదు

ఇక్కడ రిపోర్టే దారి చెబుతుంది. నాజిల్ చుట్టూ ఏ, బీ, సీ, డీ అని నాలుగు బిందువులు ఉంటాయి, ఒక్కోదానికి బయటి ముఖం, లోపలి ముఖం. ఏ, బీ షెల్ పొడవు దిశలో, సీ, డీ చుట్టుకొలత దిశలో. ప్రెజర్ వాటా పక్కన పెట్టి చూడండి. ఏ, బీల దగ్గర ఎక్కువుంటే లాంగిట్యూడినల్ మొమెంట్, సీ, డీల దగ్గర ఎక్కువుంటే సర్కమ్‌ఫరెన్షియల్ మొమెంట్. ఎదురెదురు బిందువుల్లో గుర్తు కూడా ఒకటేగా ఉంటే రేడియల్ లోడ్‌ని అనుమానించండి. సిలిండర్‌కి సర్కమ్‌ఫరెన్షియల్ మొమెంట్ అంటే అస్సలు పడదు, పల్చటి గోడ ఆ దిశలో తేలిగ్గా వంగుతుంది. కాబట్టి పైపింగ్ వాళ్లని అడిగేటప్పుడు "లోడ్లు తగ్గించండి" అనకండి. "ఈ ఒక్క మొమెంట్ తగ్గించండి, మిగతావి ఉన్నా ఫర్వాలేదు" అనండి. ఒక గైడ్ (పైపు పక్కకి కదలకుండా పట్టే సపోర్టు) జరిపితే సరిపోవచ్చు.

లక్షణం: ప్యాడ్ ఎంత పెంచినా నంబర్ కదలట్లేదు

చెక్ రెండు చోట్ల జరుగుతుంది. నాజిల్ అంచు దగ్గర, కరోజన్ పోగా, 9 + 12 = 21 మి.మీ. ఉంది. ప్యాడ్ బయటి అంచు దగ్గర మిగిలేది షెల్ 9 మాత్రమే. ఫెయిల్ అక్కడైతే ప్యాడ్ మందం ఇరవై చేసినా ముప్పై చేసినా ఒకటే. వెడల్పు పెంచాలి. అప్పుడు అదే మొమెంట్ పెద్ద వృత్తం మీద పరుచుకుంటుంది. అదీ చాలకపోతే ఆ చోట షెల్‌లో మందపాటి ఇన్సర్ట్ ప్లేటు.

ఫ్యాబ్రికేటర్ లెక్కలో పాసై మన లెక్కలో ఫెయిలైతే, వాళ్లు కరోజన్ తీసేయకుండా షెల్ మందం 12 వేశారేమో చూడండి. బెండింగ్ స్ట్రెస్ మందం వర్గానికి విలోమం. అదే బెండింగ్‌కి 12 బదులు 9 పెడితే స్ట్రెస్ 1.78 రెట్లు అవుతుంది.

లక్షణం: రేడియల్ లోడ్ అనుకున్న దానికన్నా 3 టన్నులు ఎక్కువుంది

షెడ్యూల్ 80 పైపు లోపలి వ్యాసం 193.7 మి.మీ. ఆ వైశాల్యం మీద 1 ఎంపీఏ అంటే సుమారు 29 కిలోన్యూటన్లు. అది ప్రెజర్ థ్రస్ట్. పైపింగ్ లోడ్‌లో ఒకసారి, సాఫ్ట్‌వేర్‌లో టిక్ పెట్టి ఇంకోసారి చేరిందేమో చూసుకోండి.

లక్షణం: థర్మల్ మొమెంట్ భారీగా ఉంది, రూటింగ్ మార్చడానికి చోటు లేదు

పైపింగ్ మోడల్‌లో నాజిల్‌ని కదలని యాంకర్‌గా పెట్టి ఉంటారు. నిజానికి 9 మి.మీ. షెల్ కదులుతుంది. డబ్ల్యూఆర్‌సీ 297 నుంచో, ఎఫ్‌ఈఏ (వెసెల్‌ని చిన్న ముక్కల మెష్‌గా విడదీసి చేసే కంప్యూటర్ లెక్క) నుంచో వచ్చిన స్టిఫ్‌నెస్ పెట్టి మళ్లీ రన్ చేయమనండి. థర్మల్ మొమెంట్ బాగా దిగొస్తుంది. బరువు వల్ల వచ్చిన దాన్ని మాత్రం సపోర్టుతోనే తగ్గించాలి.

లక్షణం: షెల్ పాస్, ఫ్లాంజ్ దగ్గర లీక్

షెల్ చెక్‌కి ఫ్లాంజ్ సంగతి తెలియదు. 10 కిలోన్యూటన్ మీటర్ల మొమెంట్, గ్యాస్కెట్ వ్యాసం 250 మి.మీ. అనుకుంటే, కెల్లాగ్ ఈక్వివలెంట్ ప్రెజర్ పద్ధతిలో ఆ మొమెంట్ 3.26 ఎంపీఏకి సమానం. దానికి లోపలి ప్రెజర్ 1 కలిపితే 4.26. క్లాస్ 150 కార్బన్ స్టీల్ ఫ్లాంజ్ రేటింగ్ చల్లగా ఉన్నప్పుడే 1.96. కెల్లాగ్ కాస్త కఠినమైన పద్ధతే. డివిజన్ 1, 2019 ఎడిషన్ యూజీ-44లో ఇచ్చిన సూత్రం కొంత వెసులుబాటు ఇస్తుంది. అయితే అందులో పెట్టే రేటింగ్ డిజైన్ టెంపరేచర్ దగ్గరిదై ఉండాలి.

లక్షణం: ఎఫ్‌ఈఏ చేస్తే మూలలో 600 చూపిస్తోంది

నాజిల్ మరీ పెద్దదై డబ్ల్యూఆర్‌సీ కర్వ్‌ల పరిధి దాటితే ఎఫ్‌ఈఏ తప్పదు. కానీ వెల్డ్ మూలలో ఎర్రగా వెలిగే ఆ 600ని 414తో పోల్చకండి. మెష్ సన్నం చేస్తే అది 700 కూడా అవుతుంది. షెల్ మందం అడ్డంగా గీత గీసి, స్ట్రెస్‌ని లీనియరైజ్ చేసి (మెంబ్రేన్, బెండింగ్, పీక్‌లుగా విడదీసి), వచ్చిన మెంబ్రేన్‌ని 207తో, మెంబ్రేన్ బెండింగ్ కలిపిన దాన్ని 414తో పోల్చండి. మిగిలిన పీక్ ఫెటీగ్ చెక్‌కి వెళ్తుంది.