యార్క్‌షైర్‌లో ‘టీ’ అంటే రాత్రి భోజనం

ఇంగ్లండ్‌లో, యార్క్‌షైర్‌లోని లీడ్స్‌లో కేర్ వర్కర్‌గా చేరిన రెండో వారం. ఇళ్లకు వెళ్లి పెద్దవాళ్లను చూసుకునే పని. నా రోటాలో, అంటే డ్యూటీ పట్టికలో, మార్నింగ్ కాల్, లంచ్ కాల్, టీ కాల్, బెడ్ కాల్ అని రాసి ఉంది. ఇక్కడ కాల్ అంటే ఫోన్ కాదు, ఆ వేళకు ఇంటికి వెళ్లి చూసుకోవడం. సాయంత్రం ఐదింటికి టీ కాల్‌కి ఒక పెద్దాయన ఇంటికి వెళ్లాను. ఎనభై దాటిన మనిషి, ఒంటరిగా ఉంటారు. కెటిల్ పెట్టి, మగ్గులో టీ బ్యాగ్ వేసి, పాలు పోసి, రెండు బిస్కెట్లతో ఇచ్చాను. ‘థాంక్స్ లవ్’ అన్నారు. (లవ్ అన్నారని కంగారుపడకండి, ఇక్కడ బస్సు డ్రైవర్ కూడా అలాగే పిలుస్తాడు.) కప్పు కడిగిపెట్టి, టీ ఇచ్చానని రాసి వచ్చేశాను.

రాత్రి బెడ్ కాల్‌కి వెళ్లిన ఆవిడ ఫోన్ చేసింది. ఆయన కూతురు ఫ్రిజ్‌లో పెట్టి వెళ్లిన ‘కాటేజ్ పై’ (కీమా మీద బంగాళదుంప ముద్ద పరిచి చేసే వంటకం) మూత కూడా తీయకుండా అలాగే ఉందట. నేను వేడి చేసి పెట్టాల్సింది అదే. మధ్యాహ్నం తిన్న ఆ మనిషి రాత్రి దాకా రెండు బిస్కెట్లతో ఉన్నారు. అడగడానికి మొహమాటపడ్డారు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ట్రైనింగ్‌లో హాయిస్ట్ (లేవలేనివాళ్లను మంచం మీంచి ఎత్తే యంత్రం) వాడడం, మందుల చార్ట్ నింపడం అన్నీ నేర్పారు గానీ, ఈ ఒక్క మాట ఎవరూ చెప్పలేదు. అందుకే మీకు చెబుతున్నాను.

ఉత్తర ఇంగ్లండ్‌లో, అంటే లీడ్స్, బ్రాడ్‌ఫర్డ్, షెఫీల్డ్, మాంచెస్టర్, న్యూకాజిల్ వైపు, చాలామందికి టీ అంటే సాయంత్రం ఐదారు గంటలకు తినే అసలు భోజనం. తాగే టీ కూడా టీయే. రెండింటినీ విడదీసేది దాని ముందుండే చిన్న మాట. ‘ఎ టీ’, ‘ఎ కప్ ఆఫ్ టీ’, ‘కప్పా’, ‘బ్రూ’ అంటే తాగేది. ‘యువర్ టీ’, ‘మై టీ’, ‘ఫర్ టీ’, ‘టీస్ రెడీ’ అంటే తినేది. ‘డు యూ వాంట్ ఎ టీ?’ అంటే టీ తాగుతారా అని. ‘హావ్ యూ హ్యాడ్ యువర్ టీ?’ అంటే అన్నం తిన్నారా అని. మనం అన్నం తిన్నారా అన్నప్పుడు చపాతీ తిన్నవాళ్లు కూడా తిన్నామనే అంటారు కదా, ఇదీ అలాంటిదే. మిల్లుల్లో, గనుల్లో పని చేసి ఇంటికొచ్చి వేడివేడిగా తినే కూటికి, దాంతోపాటు తాగే టీ పేరు వచ్చి చేరింది.

మరి డిన్నర్? ఈ వాడుకలో అది మధ్యాహ్న భోజనం. బడిలో పెట్టే మధ్యాహ్న భోజనాన్ని స్కూల్ డిన్నర్ అంటారు, వడ్డించేవాళ్లు డిన్నర్ లేడీస్. ఇంగ్లండ్ ప్రభుత్వ బడుల్లో రిసెప్షన్ (బడిలో మొదటి తరగతి, నాలుగైదేళ్ల పిల్లలది), ఇయర్ 1, ఇయర్ 2 పిల్లలకు 2014 సెప్టెంబరు నుంచి ఇది ఉచితం. స్కూల్ డిన్నర్ అని ఫారంలో ఉంటే, రాత్రి పూట బడిలో తిండేమిటని వదిలేయకండి. బీఫ్, పోర్క్ తినరనో, శాకాహారమనో అందులోనే రాయండి.

పిల్లల విషయంలో ఇంకో మాట. మీ పాప స్నేహితురాలి తల్లి ‘షీ కెన్ స్టే ఫర్ టీ’ అంటే, రాత్రి భోజనం వాళ్లే పెట్టి పంపుతారన్నమాట. ఏం తినదో ముందే చెప్పండి. ఇందులో మొహమాటం అక్కర్లేదు, వాళ్లే అడుగుతారు. అలాగే ఎవరైనా ఆదివారం డిన్నర్‌కి పిలిస్తే ‘వాట్ టైమ్?’ అని అడగండి. మధ్యాహ్నం ఒంటిగంటకు రోస్ట్ (ఓవెన్‌లో కాల్చిన మాంసంతో భోజనం) సిద్ధం చేసుకుని మీకోసం ఎదురుచూస్తూ ఉండొచ్చు. లండన్ వైపు ఎక్కువమందికి డిన్నర్ రాత్రి భోజనమే. ఒకే ఆఫీసులో రెండు రకాలవాళ్లూ ఉంటారు కాబట్టి టైమ్ అడగడమే మేలు.

ఇక తాగే టీ. మనలా పాలల్లో మరిగించరు. టీ బ్యాగ్ మీద మరిగే నీళ్లు పోసి, రెండు మూడు నిమిషాలు ఉంచి, చివర్లో చల్లటి పాలు కలుపుతారు. ‘వన్ షుగర్’ అంటే ఒక చెంచా. ఆఫీసులో మీ ఒక్కరికే కలుపుకొని తెచ్చుకోకండి. లేచేముందు ‘ఎనీవన్ వాంట్ ఎ బ్రూ?’ అని పక్కవాళ్లను అడగండి. నాకు ఇక్కడ మొదటి స్నేహితురాలు ఆ ప్రశ్నతోనే దొరికింది.

క్రీమ్ టీ అని బోర్డు చూస్తే క్రీమ్ కలిపిన టీ అనుకోవద్దు, స్కోన్ అనే రొట్టె, జామ్, చిక్కటి క్రీమ్, వాటితో టీ వస్తాయి. క్రికెట్‌లో ‘టీ సమయానికి’ స్కోరు మనకు తెలిసిందే, అది ఇరవై నిమిషాల విరామం. మీరు మాత్రం ‘టిఫిన్ చేశారా’ అని అడగకండి. ఆ మాట ఇంగ్లిష్‌వాళ్ల నుంచే మనకు వచ్చినా, ఇప్పుడు ఇక్కడ టిఫిన్ అంటే చాక్లెట్, బిస్కెట్ ముక్కలు కలిపి గడ్డకట్టించిన ఒక తీపి.

కేర్ పనిలోకి వచ్చేవాళ్లు టీ కాల్‌కి వెళ్లగానే ముందు కేర్ ప్లాన్ (ఆ మనిషికి ఏమేం చేయాలో రాసి ఉండే కాగితం) చదవండి, తర్వాత ఫ్రిజ్ తెరవండి, ఆపైన మనిషిని అడగండి. మర్నాడు సాయంత్రం నేను ఆ పెద్దాయన దగ్గర మోకాళ్ల మీద కూర్చుని, ముందు రోజు జరిగినదానికి సారీ చెప్పి, ‘వాట్ వుడ్ యూ లైక్ ఫర్ యువర్ టీ?’ అన్నాను. బీన్స్ ఆన్ టోస్ట్ కావాలన్నారు. కాసేపు ఆగి, ‘అండ్ ఎ కప్ ఆఫ్ టీ, లవ్’ అన్నారు.